మన పిలుపు ఎట్లున్నది?

ధ్యాన భాగములు: రూతు 2వ అధ్యాయము, ఆదికాండము 23వ అధ్యాయము



స్వంత ఊళ్లు విడిచి, పొట్టకూటి కొరకు ఈ బొగ్గు గనుల ప్రాంతానికి వచ్చి స్థిరపడిన మన కుటుంబాలతో ఈ నెల ఒక చిన్న సంగతి మాట్లాడదలచుకున్నాము. చిన్నది అని ఎందుకంటున్నామంటే, చాలామంది దానిని పాపముల పట్టికలో చేర్చరు. త్రాగుడును గూర్చి బోధ వింటాము. జూదమును గూర్చి, అప్పులను గూర్చి, అబద్ధమును గూర్చి వింటాము. కాని మర్యాద తప్పిన మాటను గూర్చి, కసురుకోవడాన్ని గూర్చి, ఎదుటి మనిషిని పురుగులా చూడడాన్ని గూర్చి గద్దింపు వినేది అరుదు. "వాడి నోరే అంత, మనసు మాత్రం వెన్న" అని సరిపెట్టుకోవడం అలవాటైపోయింది. అట్లా సరిపెట్టుకోవడానికి వాక్యంలో చోటు ఉన్నదా అని ఈసారి పరిశీలించుదాము.

మాజ్రి ఒక జంక్షను. నాగపూర్ నుండి బల్లార్షా వైపు వెళ్లే పెద్ద లైనులో వణి, ఆదిలాబాదు వైపు దారి చీలేది ఇక్కడే. పట్టాలు కలిసినట్టే ఇక్కడ భాషలూ కలిశాయి. ఒకే నల్లా దగ్గర తెలుగు, మరాఠీ, హిందీ వినబడతాయి. అందుచేత మనిషిని మనిషి పిలిచే తీరు ఇక్కడ రోజుకు ఎన్నోసార్లు పరీక్షకు వస్తుంది. తెలుగులో "రా" అంటే ఒకటి, "రండి" అంటే మరొకటి. మరాఠీలో "యే" అంటే ఒకటి, "యా" అంటే మరొకటి. హిందీలో "ఆ" అంటే ఒకటి, "ఆయియే" అంటే మరొకటి. తేడా ఒక అక్షరమో రెండక్షరాలో ఉంటుంది. ఆ రెండక్షరాలకు పైసా ఖర్చు లేదు. అయినా వాటిని ఎవరికి ఇస్తున్నారో, ఎవరికి ఎగ్గొడుతున్నారో గమనించండి. మేనేజరు గదిలోకి వెళ్లినప్పుడు "సార్, నమస్కారం సార్" అనే నోరే, బయటికి వచ్చి ఊడ్చే ఆమెను "ఏయ్, ఇటు రా" అంటుంది. డాక్టరు ముందు వినయంగా చేతులు కట్టుకొన్న మనిషే, ఆసుపత్రి వార్డుబాయిని కసురుకుంటాడు. అంటే మర్యాద తెలియక కాదు. తెలుసు. ఎవరివలన లాభమో, ఎవరివలన భయమో చూసి దానిని పంచుతున్నారు. నీళ్లు పల్లానికి పారినట్టు దురుసుతనం కూడా ఎప్పుడూ క్రిందివాని మీదికే పారుతుంది. ఈ నెల మేము చెప్పదలచిన సంగతి ఇదే: తిరిగి మనకు ఏమీ చేయలేని మనిషితో మనం మాట్లాడే తీరులో మన విశ్వాసం బయటపడుతుంది.

రూతు గ్రంథం వలస వచ్చినవారి గ్రంథం. బేత్లెహేములో కరవు వచ్చి ఒక కుటుంబం మోయాబుకు వలసపోయింది. అక్కడ మగవారు ముగ్గురూ చనిపోయారు. అత్త తిరిగి వస్తుంటే కోడలు రూతు కూడా వచ్చింది. ఆమె పరదేశి, విధవరాలు, చేతిలో ఏమీ లేనిది. కోత కోసేవారి వెనుక రాలిన పరిగె ఏరుకోవడానికి ఒక పొలానికి వెళ్లింది. ఆ పొలం బోయజుది. ఆయన ఆస్తిపరుడు. బేత్లెహేము నుండి పొలానికి వచ్చి ఆయన మొదట ఏమి చేశాడో చూడండి. లెక్క అడగలేదు, పని ఎంతవరకు వచ్చిందని గద్దించలేదు. దేవుడు మీకు తోడుండాలని తన కూలివారిని దీవిస్తూ పలకరించాడు. వారు కూడా తిరిగి ఆయనను దీవించారు. యజమాని ముందుగా పలకరించిన పొలం అది.

తరువాత ఆయన, ఈ చిన్నది ఎవరని అడిగాడు. కోతవాండ్ల మీద పెద్దగా ఉన్న పనివాడు జవాబు చెప్పాడు. ఆ జవాబులో రూతు పేరు లేదు. మోయాబు దేశము నుండి వచ్చిన మోయాబీయురాలని మాత్రం ఉంది. అతడు చెడ్డవాడని మేము అనడం లేదు, ఆమె కష్టపడుతున్నదని కూడా అతడు చెప్పాడు. కాని అతని కంటికి ముందు కనబడింది ఆమె ఎక్కడినుండి వచ్చిందో అది. మన మధ్య కూడా "ఆ బిహారీవాడు", "ఆ ఛత్తీస్‌గఢ్ ఆమె" అని ఊరి పేరుతోనే పని జరిగిపోతుంది. అటువైపు నుండి "ఆ మద్రాసీలు" అని మనల్నీ అంటారు. అది వినబడినప్పుడు మన మనసు ఎంత చివుక్కుమంటుందో మనకు తెలుసు. బోయజు మాత్రం ఆమెను కుమార్తె అని పిలిచాడు. పనివారు తోడిన నీళ్లు ఆమె కూడా త్రాగవచ్చునన్నాడు. భోజన సమయంలో ఆమె కోతవాండ్ల ప్రక్కన కూర్చుంటే తానే పేలాలు అందించాడు. అంతటితో ఆగక, ఆమెను ఎవరూ అవమానపరచకూడదనీ గద్దించకూడదనీ తన పనివారికి ఆజ్ఞాపించాడు. ఈ చివరి మాటను మరువకండి. తాను మర్యాదగా ఉంటే చాలునని ఆయన అనుకోలేదు. తన పొలంలో తన మనుషుల నోటికి కూడా ఆయన బాధ్యత తీసుకున్నాడు.

ఆ పలకరింపు ఎక్కడిదాకా పోయిందో మనకు తెలుసు. బోయజు రూతుల కుమారుడు ఓబేదు. ఓబేదు కుమారుడు యెష్షయి, యెష్షయి కుమారుడు దావీదు. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో ప్రభువు వంశావళిలో ఆ పరదేశి స్త్రీ పేరు వ్రాయబడింది. పనివాని నోట పేరు లేకుండా పోయినదానికి దేవుని గ్రంథంలో పేరు దొరికింది.

ఇప్పుడు మన సంఘముల చరిత్రను కొంచెం జ్ఞాపకము చేసుకుందాము. 1836లో శామ్యూల్ డే దొరగారు తెలుగు దేశానికి వచ్చారు. 1840లో నెల్లూరులో పని ఆరంభమైంది. 1866లో యెర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందారు. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చినప్పుడు క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని కల్పించారు. ఆ పని దగ్గర సువార్త బోధకులే మేస్త్రీలుగా ఉన్నారు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో ఎక్కువమంది ఊరి చివర ఉంచబడినవారు. ఆ దినాలలో ఊరిలో వారిని ఎట్లా పిలిచేవారో మన తాతలు అవ్వలు చెప్పగా విన్నాము. ఎల్లయ్య అని తల్లిదండ్రులు పెట్టిన పేరు ఊరిలోకి వెళ్లేసరికి "ఎల్లిగాడు" అయ్యేది. లక్ష్మమ్మ "లచ్చి" అయ్యేది. తెల్లవెంట్రుకల ముసలివానిని కూడా పదేండ్ల పిల్లవాడు "ఒరేయ్" అని పిలిచేవాడు. పేరు చివర ఉన్న "అయ్య"ను, "అమ్మ"ను కోసివేయడానికి కత్తి అక్కరలేదు, నోరు చాలు.

సంఘంలోకి వచ్చినప్పుడు ఆ కోసివేసిన అక్షరాలు తిరిగి వచ్చాయి. ఎల్లయ్యగారు, లక్ష్మమ్మగారు అయ్యారు. ఒకే బల్ల దగ్గర, ఒకే రొట్టె, ఒకే పాత్ర. చదువులు, ఉద్యోగాలు ఆ తరువాత వచ్చాయి. "గారు" అనే మాట ముందుగా వచ్చింది. మన పెద్దలు సువార్తను చెవితో విన్నది బోధలో మాత్రమే కాదు, తమను పిలిచిన పిలుపులో కూడా విన్నారు. అందుచేత ఇతరులు మర్యాద తప్పితే అది మర్యాద తప్పడం. ఈ సంఘపు బిడ్డలు మర్యాద తప్పితే అది తాతల చేతికి దేవుడిచ్చిన దానిని ఇంకొకరి చేతిలోనుండి లాక్కోవడం.

ఆ ఇంకొకరు ఎవరు? దూరం పోనక్కరలేదు. 1973లో ప్రభుత్వం బొగ్గు గనులను జాతీయం చేసింది. 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడింది. పర్మినెంటు అయినవారికి క్వార్టరు, వైద్యం, ప్రావిడెంట్ ఫండు కలిగాయి. దేవునికి స్తోత్రము. అయితే నేడు ఓపెన్‌కాస్టు గనులలో మట్టి తీసే పని, లారీల పని చాలవరకు కాంట్రాక్టర్ల క్రింద నడుస్తుంది. ఆ పనికి వచ్చే కుర్రవాళ్లు దూరపు ఊళ్లనుండి వచ్చినవారు, తక్కువ కూలికి ఎక్కువ గంటలు చేసేవారు. క్యాంటీనులో టీ దగ్గర, నీళ్ల కుళాయి దగ్గర, టైము ఆఫీసు కిటికీ దగ్గర వారి మీద పడే మాటలు వినండి. అదే బొగ్గు, అదే దుమ్ము, అదే ఎండ. చేతిలో పర్మినెంటు కార్డు లేనంత మాత్రాన "ఒరేయ్" అయిపోయాడు. మనవారి నోట ఆ మాట వచ్చినప్పుడు, యాభై ఏండ్ల క్రితం ఈ స్టేషనులో రేకు పెట్టెతో దిగిన తెలుగు కూలివానిని తలచుకోండి. అతడు మన తండ్రో, మన మేనమామో.

ఇక్కడ ఒక సందేహం రావచ్చును. గనిలో పని మెత్తని మాటలతో జరుగుతుందా? పైకప్పు కదిలినప్పుడు, బ్లాస్టింగు సైరను మ్రోగినప్పుడు "దయచేసి ఇటు రండి" అని బ్రతిమాలుతారా? లేదు. ఓవర్‌మన్ గొంతెత్తి అరుస్తాడు, చేయి పట్టి లాగుతాడు. అది దురుసుతనం కాదు. ఎదుటివాని ప్రాణం విలువైనదని ఆ అరుపు చెబుతుంది. దురుసుమాట మాత్రం ఎదుటివానికి విలువ లేదని చెబుతుంది. గొంతు పెద్దదా చిన్నదా అనేది ప్రశ్న కాదు. అట్లే, నువ్వు అనే మాట కూడా పాపము కాదు. మన తెలంగాణ పల్లెలలో తల్లిని, తండ్రిని ప్రేమతో నువ్వు అనే పిలుస్తారు. స్నేహితుడు స్నేహితుని "రా" అంటే అందులో ముద్దు ఉంది. మరోప్రక్క "మీరు, తమరు" అంటూనే వెటకారంతో మనిషిని నేలకు దించేవారూ ఉన్నారు. కాబట్టి అక్షరాన్ని మాత్రమే కాక దాని వెనుక ఉన్న హృదయాన్ని చూడాలి.

ఇక ఈ నేల వారితో మన మర్యాదను గూర్చి ఒక మాట. ఆదికాండము 23వ అధ్యాయములో శారా చనిపోయింది. పాతిపెట్టడానికి అబ్రాహామునకు అడుగు నేల లేదు. ఆ దేశమంతా అతని సంతానానికి ఇస్తానని దేవుడు వాగ్దానం చేసి ఉన్నాడు. వేరొకడైతే ఆ వాగ్దానం చూపించి గద్దించి అడిగేవాడు. అబ్రాహాము మాత్రం తాను పరదేశినని చెప్పుకొని, హేతు కుమారుల ఎదుట లేచి సాగిలపడ్డాడు. ఒక్కసారి కాదు, రెండుసార్లు. ఎఫ్రోను ఊరకనే ఇస్తానన్నా వినక, నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చాడు. దుఃఖంలో ఉన్నవాడు, ధనవంతుడు, వాగ్దానం పొందినవాడు, అయినా ఆ నేలవారి ముందు అతని మర్యాద తగ్గలేదు.

మనం ఉన్న ఈ నేల కూడా ఖాళీ నేల కాదు. పద్దెనిమిదవ శతాబ్దం మధ్యవరకు చంద్రపూర్‌ను గోండు రాజులు ఏలారు. వారి కోట గోడలు నేటికీ ఆ పట్టణం చుట్టూ కనబడతాయి. అట్టివారి సంతతివారు బజారులో కూరగాయలో కట్టెలో అమ్ముతుంటే, బేరంలో వారిని నీచంగా మాట్లాడడం తగునా? ఏండ్ల తరబడి ఇక్కడ ఉండి మరాఠీలో మర్యాదగా నాలుగు మాటలు నేర్చుకోకపోవడం తగునా? ప్రక్కింటి పెద్దాయనను "కాకా" అని, ఆమెను "తాయి" అని పిలవడానికి వ్యాకరణం అక్కరలేదు. మన హిందీలో, మరాఠీలో తప్పులు ఉండవచ్చును. భాష తప్పును జనం క్షమిస్తారు. అహంకారాన్ని మాత్రం ఏ భాషలోనైనా గుర్తుపడతారు.

ఇంటి సంగతి చివరకు ఉంచాము, ఎందుకంటే అది అన్నిటికంటె కష్టమైనది. షిఫ్టులో పైవాని చేత మాట పడిన మనిషి దానిని అక్కడ మింగి, ఇంటికి తెచ్చి భార్య మీద కక్కుతాడు. ఆమె పిల్లల మీద, పిల్లలు ముసలి అవ్వ మీద. ఊరిలో భూమి, ఇల్లు వదలి కొడుకు దగ్గరకు వచ్చిన ఆ తల్లికి హిందీ రాదు, మరాఠీ రాదు. మనుమలు ఫోనులో కన్ను తీయకుండానే జవాబు చెబుతారు, ఆమె మాటతీరును చూసి నవ్వుతారు. తల నెరసినవారి ఎదుట లేచి నిలబడమని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపిస్తున్నది. భార్యను సన్మానింపని భర్త ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో హెచ్చరించాడు. ఇది ఎంత భయంకరమైన మాట! వంటగదిలో ఆడిన దురుసుమాట మోకాళ్ల మీద చేసిన ప్రార్థనకు అడ్డం పడుతుందట.

మందిరంలో కూడా చూడాలి. ఆఫీసరు వస్తే ముందు కుర్చీ, కూలివాడు వస్తే చెప్పుల దగ్గర చాప. ఇది యాకోబు పత్రిక 2వ అధ్యాయములోని పాత రోగమే. కమిటీ మీటింగులో, ఎన్నికల దినములలో సహోదరుడు సహోదరుని ఏకవచనంతో సంబోధించడం మొదలైతే, మరుసటి ఆదివారం అదే నోటితో పాడే కీర్తన ఎట్లా ఉంటుంది? ఒకే ఊటలో తీపి నీళ్లు, చేదు నీళ్లు రెండూ రావని అదే పత్రిక 3వ అధ్యాయము చెబుతున్నది.

ఇవి అంత చిన్న సంగతులా, ప్రభువు ఇంత సూక్ష్మంగా చూస్తాడా అని అడగవచ్చును. లూకా 7వ అధ్యాయం చదవండి. పరిసయ్యుడైన సీమోను ప్రభువును భోజనానికి పిలిచాడు. కాళ్లకు నీళ్లివ్వలేదు, ముద్దుపెట్టుకొని ఆహ్వానించలేదు, తలకు నూనె అంటలేదు. ప్రభువు అప్పుడు ఏమీ అనలేదు. కాని తరువాత ఆ మూడింటినీ వరుసగా చెప్పాడు. ఆయన గమనించాడు. సీమోను ఎవరిని హీనంగా చూశాడో ఆ స్త్రీ తన కన్నీళ్లతో చేసినది కూడా ఆయన గమనించాడు. కొండమీది ప్రసంగంలో నరహత్యను గూర్చి చెప్పిన వెంటనే ఆయన సహోదరుని తిట్టే నోటిని గూర్చి చెప్పాడు. బలిపీఠము దగ్గర అర్పణను విడిచి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమన్నాడు.

సమూయేలు మొదటి గ్రంథము 25వ అధ్యాయములో నాబాలు ఉన్నాడు. మూడు వేల గొఱ్ఱెలు, వెయ్యి మేకలు గలవాడు. ఆహారం అడగడానికి మర్యాదగా వచ్చిన దావీదు మనుషులను, ఎక్కడివారో తెలియని వారన్నట్లు ఎగతాళి చేసి పంపాడు. ఆ ఒక్క మాటకు నాలుగు వందల మంది కత్తులు కట్టుకున్నారు. అతని భార్య అబీగయీలు గాడిదలమీద రొట్టెలు వేసుకొని ఎదురువెళ్లి, సాగిలపడి, వినయంతో మాట్లాడి ఆ రక్తపాతాన్ని ఆపింది. ఆమె మాటలో పిరికితనం లేదు. కోపంతో వస్తున్న దావీదుకు అతని తప్పును కూడా ఆమె తెలియజేసింది, అయితే మర్యాదగా. నోరు మంచిదైతే ఊరు మంచిది అనే మన పెద్దల సామెతకు ఇంతకంటె సాక్ష్యం ఏముంది?

కాబట్టి ప్రియులారా, ఈ నెలలో మూడు పనులు చేయమని వేడుకొనుచున్నాము. ఒకటి, రోజూ మన పని చేసిపెట్టే మనిషి, ఊడ్చే ఆమె, పాలవాడు, కాంట్రాక్టు కుర్రవాడు, వీరి పేరు అడిగి తెలుసుకోండి, ఆ పేరుతో మర్యాదగా పిలవండి. రెండు, వారు పలకరించే వరకు ఆగక, బోయజు వలె ముందుగా మీరే పలకరించండి. మూడు, వచ్చే ప్రభురాత్రి భోజనమునకు ముందు, ఇంట్లోగాని పనిలోగాని మాటతో గాయపరచబడిన వారు ఎవరైనా ఉంటే, వారి దగ్గరకు వెళ్లి మాట్లాడి రండి. సాకులు వద్దు. మనసు వెన్న అయితే అది నాలుక మీదికి కూడా రావాలి. మన తోటి మనిషికి వినబడేది నాలుకే గదా.

పరదేశియైన రూతును పేరు లేని గుంపులోనుండి లేవనెత్తిన దేవుడు, మన పితరులను ఊరి చివరనుండి తన బల్ల దగ్గరకు పిలిచిన దేవుడు, మన పెదవులకు కావలి యుంచి, ఈ మాజ్రిలో మన పిలుపు విన్న ప్రతి మనిషి తన విలువను తాను తెలుసుకొనునట్లు మనకందరికి కృప దయచేయును గాక. ఆమేన్.